సబ్‌మెరైన్ బరువు లెక్క: నేవల్ ఆర్కిటెక్ట్ పనిని మన తీరంలోనే మొదలుపెట్టడం ఎలా

కావలి, మైపాడు, కృష్ణపట్నం, అటు ఒంగోలు పక్కన కొత్తపట్నం వైపు ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలు, డిప్లొమా అయిపోయిన వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. సబ్‌మెరైన్లు కట్టే చోట, రిపేరు చేసే చోట నేవల్ ఆర్కిటెక్ట్ రోజంతా ఏం చేస్తాడు, ఆ పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కాలేజీలు, ఎంట్రన్స్‌ల సంగతి చివర్లో చెప్తాను, అవి వెతికితే దొరికేవే. ముందు ఒక టేపు, ఒక నోటుబుక్కు, ఒక ఎలక్ట్రానిక్ కాటా ఉంటే చాలు, సీటు వచ్చేదాకా ఆగకుండా ఈ సెలవుల్లోనే ఈ పని చెయ్యి ఎలా తిప్పుకోవాలో చెప్తాను.

అసలు పని బరువు లెక్క. ఇంజిన్లు ఒకరు చూస్తారు, నీటిలో శబ్దంతో చుట్టుపక్కల పసిగట్టే సోనార్ ఒకరు, ఆయుధాలు ఒకరు, బ్యాటరీలు ఇంకొకరు. వాళ్ళందరూ తెచ్చి లోపల పెట్టే ప్రతి వస్తువూ ఎంత బరువు, ఏ చోట కూర్చుంటుంది, అది పెట్టాక పడవ నీళ్ళలో ఎలా నిలబడుతుంది, లోతుకి వెళ్తే గోడ తట్టుకుంటుందా అని చెప్పి సంతకం పెట్టాల్సింది నేవల్ ఆర్కిటెక్ట్. సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే, కానీ అందులో మనం వేసిన బరువు తప్పైతే అది తప్పు జవాబునే నాలుగు దశాంశాల వరకు అందంగా చూపిస్తుంది. అందుకే మొదట చేత్తో నేర్చుకోమంటాను.

మామూలు ఓడ బరువు పది టన్నులు పెరిగితే అది కొంచెం లోతుగా కూర్చుంటుంది, అంతటితో సరి. పూర్తిగా మునిగిన సబ్‌మెరైన్‌కి ఆ వీలు లేదు, ఎందుకంటే నీళ్ళలోకి దిగాల్సిన భాగమంతా అప్పటికే దిగిపోయింది. అది పక్కకి నెట్టిన నీటి బరువూ దాని సొంత బరువూ సమానంగా ఉండాలి. ఎక్కువైతే కిందికి జారుతుంది, తక్కువైతే పైకి తేలుతుంది. ముంబయిలో మజగావ్ డాక్ కట్టిన కల్వరి తరగతి తీసుకోండి. మొదటిది 2017 డిసెంబరులో, ఆరోది వాగ్‌షీర్ 2025 జనవరిలో నేవీలో చేరాయి. పొడవు 67.5 మీటర్లు. పైన తేలుతున్నప్పుడు సుమారు 1,615 టన్నులు, మునిగాక సుమారు 1,775 టన్నులు. ఆ మధ్యలో ఉన్న 160 టన్నులు ఏంటంటే, మునగడానికి బాలస్ట్ ట్యాంకుల్లోకి వదిలిన సముద్రపు నీళ్ళు. ఒక ఘనపు మీటరు సముద్రపు నీళ్ళు సుమారు 1.025 టన్నులు, అందుకని 1,775ని 1.025తో భాగిస్తే సుమారు 1,732 ఘనపు మీటర్లు వస్తుంది. ఈ 1,732 గుర్తుపెట్టుకోండి, దీనితో చాలా పని ఉంది.

మొదటి అభ్యాసం: నీళ్ళు తూచడం

ఒక లీటరు సీసా తీసుకొని మైపాడు దగ్గర సముద్రపు నీళ్ళు పట్టండి. ఇంకో అలాంటి సీసాలో ఇంటి మంచినీళ్ళు, మూడో దాంట్లో బకింగ్‌హాం కాలువ నీళ్ళు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద ఖాళీ సీసా బరువు తీసేసి ఒక్కోటీ తూచండి. మంచినీళ్ళు లీటరుకి కిలో దగ్గర ఉంటాయి, సముద్రపు నీళ్ళు ఇరవై, ఇరవై అయిదు గ్రాములు ఎక్కువ తూగుతాయి. కాలువ నీళ్ళు ఎండాకాలంలో ఒక రకంగా, నవంబరు వానల తర్వాత ఇంకో రకంగా ఉంటాయి. మీ ఊళ్ళో రొయ్యల చెరువు చేసే వాళ్ళుంటే వాళ్ళ దగ్గర సెలైనిటీ చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, అడిగి ఆ పీపీటీ (వెయ్యి వంతుల నీళ్ళలో ఉప్పు ఎన్ని వంతులో) కూడా పక్కన రాసుకోండి. ఒక పీపీటీ మారితే ఘనపు మీటరు నీటి బరువు సుమారు ముప్పావు కిలో మారుతుంది.

ఈ ఇరవై గ్రాములతో పనేంటి అంటారా? ఉత్తర బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వరద నీళ్ళు వచ్చి కలవడం వల్ల వర్షాకాలం తర్వాత పై పొర ఉప్పదనం బాగా తగ్గుతుంది. 1.025 ఉన్న నీళ్ళలోంచి 1.015 ఉన్న నీళ్ళలోకి మన సబ్‌మెరైన్ వెళ్ళిందనుకోండి. 1,732ని 0.010తో గుణించండి. 17 టన్నుల పైన. అంటే లోపల ఏ మార్పూ లేకుండానే, పడవ ఒక్కసారిగా 17 టన్నులు బరువెక్కినట్టు కిందికి పోతుంది, ఆ మేరకు సర్దుబాటు ట్యాంకుల్లోంచి నీళ్ళు బయటికి తోడాలి. ఆ ట్యాంకులు ఎంత పెద్దవి ఉండాలి, అందులో ఎంత నీళ్ళు ఎప్పుడూ తయారుగా ఉండాలి అని నిర్ణయించేది మనమే. పడవ ఏ సముద్రాల్లో తిరుగుతుందో తెలియకుండా ఆ లెక్క కుదరదు.

ఇంకో లెక్క చేసి చూడండి, ఇది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. చాలా సబ్‌మెరైన్లలో డీజిల్ ట్యాంకు కింది వైపు సముద్రానికి తెరిచి ఉంటుంది, డీజిల్ వాడుతుంటే ఆ ఖాళీలోకి సముద్రపు నీళ్ళు వస్తాయి. 100 ఘనపు మీటర్ల డీజిల్ సుమారు 84 టన్నులు. అది ఖర్చయి దాని చోట్లోకి వచ్చిన నీళ్ళు 102.5 టన్నులు. ఇంధనం తగలబెడుతున్న కొద్దీ పడవ పద్దెనిమిదిన్నర టన్నులు బరువెక్కింది. తిండి తగ్గుతుంది, చెత్త బయటికి పోతుంది, టార్పెడో వదిలితే టన్నున్నర బరువు ఒక్క క్షణంలో ముందు కొస నుంచి పోయి, దాని చోట్లోకి నీళ్ళు వస్తాయి. వీటన్నిటికీ ముందూ వెనకా ట్రిమ్ ట్యాంకుల్లో నీళ్ళు అటూ ఇటూ మార్చి సరిచేస్తారు. అన్నిటికన్నా చెడ్డ పరిస్థితులు ఏవేవో రాసుకొని, బరువు ఒక గీత మీద, దాని మొమెంట్ ఇంకో గీత మీద వేసి, ఆ చుక్కలన్నీ ట్యాంకుల సామర్థ్యం గీసిన బహుభుజి లోపలే పడుతున్నాయా అని చూస్తారు. ఒక్క చుక్క బయట పడినా డిజైన్ మళ్ళీ మొదలు.

రెండో అభ్యాసం: ఫైబర్ పడవ కొలవడం

జువ్వలదిన్నె హార్బర్‌కో, మీ ఊరి రేవుకో వెళ్ళండి. పడవ యజమానిని ముందు అడగండి. "మామా, చదువు కోసం పడవ కొలుచుకుంటా" అంటే సాధారణంగా ఎవరూ కాదనరు. "కొలుచుకో నాయనా, ఇంజిన్ మీద మాత్రం చెయ్యి పెట్టబాక" అంటారు, ఆ మాట వినండి. ట్రాక్టర్‌తో ఒడ్డుకు లాగిన పడవైతే కొలవడం తేలిక. నీళ్ళలో ఉన్నప్పుడు ఎంతవరకు మునిగిందో ముందూ వెనకా చాక్‌పీసుతో గుర్తు పెట్టుకొని ఉండాలి.

నీటి గీత దగ్గర పొడవు 8 మీటర్లు ఉందనుకోండి. దాన్ని రెండేసి మీటర్లకు ఒక అడ్డుకోత చొప్పున అయిదు చోట్ల విడగొట్టండి. ప్రతి చోటా, నీటి గీత కింద ఉన్న భాగం వైశాల్యం కావాలి. వెడల్పు పది పది సెంటీమీటర్ల ఎత్తుకి ఒకసారి కొలిచి గ్రాఫ్ కాగితం మీద గీసి గళ్ళు లెక్కపెట్టండి. ఉదాహరణకి వెనక నుంచి ముందుకి 0.20, 0.38, 0.42, 0.28, ముక్కు దగ్గర 0 చదరపు మీటర్లు వచ్చాయి. ఇంటర్‌లో వదిలేసిన సింప్సన్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది: 1, 4, 2, 4, 1తో వరసగా గుణించి కలపండి. 3.68 వస్తుంది. దాన్ని రెండుతో గుణించి మూడుతో భాగిస్తే 2.45 ఘనపు మీటర్లు. 1.025తో గుణిస్తే రెండున్నర టన్నులు. పడవ, ఇంజిన్, వల, డీజిల్ డబ్బా అన్నీ కలిపి అంత బరువుందని నీళ్ళే చెప్పాయి. పెద్ద షిప్‌యార్డులో చేసేది ఇదే, అడ్డుకోతలు ఎక్కువ, కంప్యూటర్ వేగం ఎక్కువ.

ఇప్పుడు అదే పడవలో ఉన్న వస్తువుల్ని విడివిడిగా తూచి కలపండి. వల, లంగరు, ఐస్ పెట్టె, డీజిల్, తాళ్ళు. వల తడిగా ఉన్నప్పుడు ఒక బరువు, ఎండాక ఒక బరువు, రెండూ రాయండి. పడవ ఖాళీ బరువు యజమానికో కట్టిన వాళ్ళకో తెలుసుంటుంది. ఈ కూడిక నీళ్ళు చెప్పిన రెండున్నర టన్నులతో కలుస్తుందా చూడండి. కలవదు. ఎక్కడ పోయిందో వెతకండి. అడుగున నిలిచిన నీళ్ళు, కొలతలో పొరపాటు, కాగితం మీద ఒకటి ఉండి నిజంగా ఇంకోటి ఉండటం, ఏదో ఒకటి బయటపడుతుంది. ఈ వెతుకులాటే మన ఉద్యోగం, నిజంగా చెప్తున్నా, దీన్లో ఓపిక లేనివాళ్ళు ఈ పనికి రావద్దు.

మూడో అభ్యాసం: పడవని కొంచెం ఒరిగించి చూడటం

దీన్ని ఇంక్లైనింగ్ అంటారు. గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉందో కాగితం మీద ఊహించడం కష్టం, పడవని అడిగితే చెప్తుంది. గాలి లేని పొద్దున పూట, హార్బర్ లోపల అలలు లేని చోట చెయ్యాలి. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, యజమాని పడవలో ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు. తాళ్ళు వదులుగా ఉండాలి. అడుగున నీళ్ళు ఒక్క మగ్గు కూడా లేకుండా తోడెయ్యాలి, ఆ నీళ్ళు ఒరిగిన వైపుకే పరిగెత్తి లెక్క మొత్తం పాడుచేస్తాయి. మేస్త్రీలు గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసే గుండు ఒకటి మీటరు దారంతో వేలాడదీసి, ఊగకుండా గుండుని నీళ్ళ బకెట్‌లో ముంచండి. దారం పక్కన స్కేలు బిగించండి.

50 కిలోల సిమెంటు బస్తా ఒకటి మధ్యలోంచి కుడి పక్కకి 1.2 మీటర్లు జరపడానికి చోటుండదు కదా, అందుకని ఎడమ అంచు దగ్గర మొదలుపెట్టి కుడి అంచుకి జరపండి. మనుషులు కదలకూడదు. దారం స్కేలు మీద 4 సెంటీమీటర్లు జరిగిందనుకోండి. 50ని 1.2తో గుణిస్తే 60. దాన్ని పడవ బరువు 2,500తో, ఆపైన 0.04తో భాగిస్తే 0.6 మీటర్లు. ఇదే జీఎం, పడవ ఒరిగితే తిరిగి నిలబడే శక్తికి కొలత. ఒక్కసారి చేసి వదిలెయ్యకండి, అటొకసారి ఇటొకసారి చేసి చుక్కలు గ్రాఫ్ మీద పెడితే సరళరేఖ రావాలి. రాకపోతే తాడు ఎక్కడో బిగిసింది, లేదా ఎవరో కదిలారు.

సబ్‌మెరైన్ పైన తేలుతున్నప్పుడు ఇదే సూత్రం. మునిగాక కథ మారుతుంది. నీటి గీత లేదు కాబట్టి ఆ గీత ఇచ్చే ఆధారమూ లేదు. మిగిలింది ఒక్కటే, తేలే బలం పనిచేసే బిందువు పైన, గురుత్వ కేంద్రం కింద ఉండాలి. ఆ రెండిటి మధ్య దూరం బీజీ, సాధారణంగా ఒక అడుగు అటూ ఇటూ ఉంటుంది. దీని ఫలితం చూడండి. బీజీ 0.3 మీటర్లు అనుకుందాం. 70 కిలోల మనుషులు పది మంది వెనక గదుల నుంచి ముందుకి 30 మీటర్లు నడిచారు. 0.7 టన్నుల్ని 30తో గుణిస్తే 21. 1,775ని 0.3తో గుణించి దానితో భాగిస్తే 0.039 రేడియన్లు. అంటే మొత్తం సబ్‌మెరైన్ రెండు డిగ్రీల పైన ముక్కు కిందికి వంచుతుంది, పది మంది నడిచినందుకే. పైన తేలుతున్నప్పుడు ఇదే పది మంది నడిస్తే తేడా డిగ్రీలో నూరో వంతు దగ్గర ఉంటుంది, ఎవరికీ తెలియదు కూడా. ఇంకొకటి, పైనుంచి మునిగే మధ్యలో, ట్యాంకులు సగం నిండి నీళ్ళు అటూ ఇటూ కదిలే ఆ కాసేపు నిలకడ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. ఆ క్షణానికి కూడా లెక్క వేసి ఉంచాలి.

అడుగున సీసం దిమ్మెలు పెట్టేది ఇందుకే. కొంత గురుత్వ కేంద్రాన్ని కిందికి లాగడానికి, కొంత ముందు ముందు కొత్త పరికరాలు వస్తే వాటి బరువుకి బదులు తీసెయ్యడానికి. ఈ రెండో వాటాని మార్జిన్ అంటారు. దాన్ని ఎవరు అడిగినా ఇచ్చేస్తే ఏమవుతుందో స్పెయిన్ వాళ్ళ ఎస్-80 సబ్‌మెరైన్లు చూస్తే అర్థమవుతుంది. 2013లో బరువు 75 నుంచి 100 టన్నుల వరకు ఎక్కువైందని బయటపడింది, అప్పటికే కట్టడం మొదలైంది. చివరికి పడవని దాదాపు 10 మీటర్లు పొడిగించాల్సి వచ్చింది, మొదటిది 2023లో గాని నేవీ చేతికి రాలేదు. ఏ ఒక్క పెద్ద వస్తువో మర్చిపోతే వచ్చే గొడవ కాదిది. చిన్న చిన్నవి పేరుకుంటాయి. కల్వరి అంత పడవ బయటి చర్మం సుమారు 1,300 చదరపు మీటర్లు ఉంటుంది. చదరపు మీటరుకి ఒక్క కిలో పెయింటు ఎక్కువ పడితే 1.3 టన్నులు.

గోడ, దాని గుండ్రం

ప్రతి పది మీటర్ల లోతుకి ఒక వాతావరణ పీడనం పెరుగుతుందని పదో తరగతిలో చదివే ఉంటారు. 300 మీటర్ల దగ్గర ప్రతి చదరపు మీటరు మీద 300 టన్నుల పైన నొక్కుతుంది. గోడలో పడే ఒత్తిడికి మొదటి అంచనా సులువు: పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి మందంతో భాగించాలి. పీడనం 3 మెగాపాస్కల్, వ్యాసార్ధం 3.1 మీటర్లు, మందం ఉదాహరణకి 30 మిల్లీమీటర్లు అనుకుంటే 310 మెగాపాస్కల్ వస్తుంది. మామూలు కట్టడాల ఉక్కు 250 దగ్గరే లొంగిపోతుంది. అందుకే నీటి ఒత్తిడిని ఓర్చే ఈ గోడకి, అంటే ప్రెషర్ హల్‌కి 550 వరకు ఓర్చే హెచ్‌వై-80 లాంటి గట్టి ఉక్కు వాడతారు.

కానీ బలం ఒక్కటే చాలదు. బయటినుంచి నొక్కుతున్న గొట్టం ఎక్కడ కొంచెం సొట్టగా ఉందో అక్కడ లోపలికి మడత పడాలని చూస్తుంది. అందుకే లోపలో బయటో దగ్గర దగ్గరగా ఉంగరాల్లాంటి ఫ్రేములు వెల్డ్ చేస్తారు, గుండ్రం చెడిపోకుండా కొలుస్తూ ఉంటారు. చాలా చోట్ల పాటించే హద్దు వ్యాసార్ధంలో అర శాతం. 3.1 మీటర్ల వ్యాసార్ధానికి పదిహేనున్నర మిల్లీమీటర్లు. అంత పెద్ద ఉక్కు చుట్టులో చిటికెన వేలు వెడల్పు తేడా మాత్రమే.

ఇంటి దగ్గర బావికో ఇంకుడు గుంతకో తెచ్చిన సిమెంటు వర ఉంటే ఈ కొలత నేర్చుకోండి. వ్యాసం నాలుగు వైపులా కొలిచి సమానంగా ఉంది కాబట్టి గుండ్రంగా ఉందనుకోవద్దు. మూడు పక్కలకు ఉబ్బిన ఆకారానికి కూడా ఎటు కొలిచినా వ్యాసం ఒకటే రావచ్చు, కానీ అది గుండ్రం కాదు. కొత్తగా చేరిన ఇంజినీర్లు కూడా ఇక్కడ మోసపోతారు. సరైన పద్ధతి ఇది: 30 సెంటీమీటర్ల చెక్క పట్టీ తీసుకొని వర లోపలి గోడకి రెండు కొసలూ ఆనేలా పెట్టండి, పట్టీ మధ్యలోంచి గోడకి ఎంత సందుందో కొలవండి. లోపలి వ్యాసార్ధం 45 సెంటీమీటర్లైతే సుమారు 26 మిల్లీమీటర్లు రావాలి. చుట్టూ పన్నెండు చోట్ల కొలిచి గ్రాఫ్ గీస్తే ఉబ్బు ఎక్కడుందో, సొట్ట ఎక్కడుందో కళ్ళకు కనబడుతుంది. షిప్‌యార్డులో దీనికి మంచి పరికరాలున్నాయి, ఆలోచన మాత్రం ఇదే.

రిపేరు, అంటే రీఫిట్

కొత్తగా కట్టడం కన్నా పాత పడవ రిపేరు కష్టమని నా గట్టి అభిప్రాయం. కొత్తదానిలో ప్రతి వస్తువూ మన కళ్ళ ముందే లోపలికి వెళ్తుంది. పాతదానిలో ఇరవై ఏళ్ళలో ఎవరెవరో ఏవేవో బిగించి ఉంటారు, పనికిరాని కేబుళ్ళు లాగెయ్యకుండా వదిలేసి ఉంటారు. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డు సింధుకీర్తి అనే సబ్‌మెరైన్ రీఫిట్ 2006లో మొదలుపెట్టి 2015లో అప్పగించింది. డబుల్ హల్ పడవ అది, లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య మనిషి పాకుతూ పోవాల్సిన సందుల్లో తుప్పు ఎంత తిన్నదో అంగుళం అంగుళం చూడాలి.

పెద్ద డీజిల్ ఇంజిన్ హాచ్‌లోంచి, అంటే మనుషులు దిగే మూత తలుపులోంచి బయటికి రాదు. ప్రెషర్ హల్‌ని కొయ్యాలి. ఎక్కడ కొయ్యాలి, ఏ ఫ్రేములు తెగుతాయి, కోసినప్పుడు మిగతా గుండ్రం వంగకుండా లోపల ఏ ఆధారాలు బిగించాలి అన్నది కోతకి ముందే తేల్చాలి. కోసే ముందు గుండ్రం కొలత, కోశాక కొలత, తిరిగి వెల్డ్ చేశాక కొలత, మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. వెల్డింగ్ చేసే వాళ్ళ పనిని గౌరవించండి, వాళ్ళ దగ్గర కూర్చొని నేర్చుకోండి. ప్లేటు ముందుగా వేడి చేశారా, ఎలక్ట్రోడ్లు ఓవెన్‌లోంచి పొడిగా తీశారా అన్నవి చిన్న విషయాలు కావు. తేమలోని హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరితే పగులు వెంటనే రాదు, గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు వస్తుంది. అందుకే అల్ట్రాసోనిక్ పరీక్ష వెల్డ్ చల్లారగానే కాకుండా ఒకటి రెండు రోజులాగి చేస్తారు. షెడ్యూల్ టెన్షన్‌లో ఈ ఆగడాన్ని మింగెయ్యాలని ఎవరో ఒకరు చూస్తారు, ఒప్పుకోవద్దు.

బ్యాటరీలు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఒక్కో సెల్ వందల కిలోలు, మొత్తం సెట్ వంద టన్నులు దాటుతుంది, అంతా అడుగున ఉంటుంది. పడవ నీళ్ళలో తేలుతుండగా అవి తీసేస్తే గురుత్వ కేంద్రం పైకి లేస్తుంది, నిలకడ పోతుంది. వాటికి బదులు తాత్కాలికంగా ఎంత బరువు ఎక్కడ పెట్టాలో ముందే రాసివ్వాలి. నీళ్ళు తోడేసి పడవని పొడి నేల మీద నిలబెట్టే డ్రై డాక్‌లోకి తీసుకెళ్ళేటప్పుడు కూడా అంతే. వెనక కొస డాక్ అడుగున పేర్చిన దిమ్మెల మీద ఆని, మిగతాది ఇంకా తేలుతున్న ఆ కాసేపు దిమ్మె పైకి నెడుతుంటే జీఎం తగ్గుతుంది. అందుకని పడవని వీలైనంత సమతలంగా తీసుకురావాలి. దిమ్మెలు ఫ్రేముల కింద, గదుల మధ్య అడ్డుగోడలైన బల్క్‌హెడ్ల కింద పడాలి, సోనార్ డోమ్ కింద పడకూడదు. కిందటిసారి దిమ్మె ఆనిన చోట పెయింటు వెయ్యడం కుదరలేదు కాబట్టి ఈసారి దిమ్మెల వరస మార్చి ఆ చోటు బయటపెట్టాలి. పాత డాకింగ్ ప్లాన్ దొరక్కపోతే పని ఆపి అయినా వెతికించండి.

ఇక రీఫిట్‌లో బరువు పుస్తకం. నెల్లూరు రైస్ మిల్లు కాటా దగ్గర లోడు లారీ లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, ఖాళీ చేసుకొని బయటికి వచ్చేటప్పుడు ఒకసారి తూచి చీటీ ఇస్తారు చూడండి, రిపేరుకి వచ్చిన సబ్‌మెరైన్ హాచ్ దగ్గర అలాంటి కాటా ఉండాలి. బయటికి వచ్చే ప్రతిదీ, లోపలికి పోయే ప్రతిదీ తూచాలి. పుస్తకంలో గళ్ళు ఇవి: వస్తువు పేరు, బరువు, తూచిందా లెక్కగట్టిందా, పడవ పొడవులో ఎక్కడ, కింది నుంచి ఎంత ఎత్తు, మధ్యగీతకి కుడా ఎడమా, లోపలికా బయటికా, తేదీ, సంతకం. "తూచిందా లెక్కగట్టిందా" అన్న గడి మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. కేటలాగ్‌లో 40 కిలోలని రాసిన పంపుకి బోల్టులు, దిమ్మె, పైపు ముక్కలు కలిపితే 60 అవుతుంది. వారానికొకసారి ఈ కూడిక వేసి, రేవులో తేలుతున్న పడవైతే డ్రాఫ్ట్ గుర్తులు (ఎంత లోతు మునిగిందో చూపే గీతలు) చదివి, రెండూ కలుస్తున్నాయా చూడాలి. ఫైబర్ పడవ దగ్గర చేసిన వెతుకులాట ఇక్కడ జీతానికి చేస్తారు.

ఒకరు చేసేది ఇంకొకరికి తెలియకపోతే ఏమవుతుందో 1969 మే 15న అమెరికాలో మేర్ ఐలాండ్ షిప్‌యార్డులో తెలిసింది. గిటారో అనే కొత్త సబ్‌మెరైన్ రేవులోనే కట్టి ఉంది. ఒక బృందం పరికరాలు సరిచూడటానికి వెనక ట్యాంకుల్లోకి నీళ్ళు వదిలింది. ఇంకో బృందం, ముక్కు కొంచెం పైకి లేచిందని ముందు ట్యాంకుల్లోకి నీళ్ళు వదిలింది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ముందు హాచ్‌లోంచి నీళ్ళు దూరి పడవ రేవు పక్కనే మునిగిపోయింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ లోతు పరీక్షల్లో మునిగినప్పుడు మాత్రం 129 మంది పోయారు. ఆ తర్వాతే అమెరికా నేవీ సబ్‌సేఫ్ అనే పద్ధతి పెట్టింది: గోడకి, సముద్రపు నీటి పైపులకి సంబంధించిన ప్రతి పనికీ ఎవరు చేశారు, ఏ లోహం, ఏ పరీక్ష అన్న కాగితం ఉండాలి, కాగితం లేకపోతే పని జరగనట్టే లెక్క. ఆ సర్టిఫికెట్ ఉన్న సబ్‌మెరైన్ ఒక్కటి కూడా ఇంతవరకు మునిగిపోలేదు. లోపల ఉన్న వాళ్ళ ప్రాణాలు మన పుస్తకంలోని అంకెల మీద ఆధారపడి ఉంటాయి. తెలియని అంకె చోట "తెలియదు" అని రాయండి, అంచనాని కొలతలా రాయకండి.

ఎక్కడ చదవాలి, ఏం చూడాలి

ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ మద్రాస్‌లో ఈ చదువుంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. కొచ్చిలో కొచ్చిన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, అంటే కుశాట్‌లో ఉంది, వాళ్ళ ఎంట్రన్స్ వేరు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌కి ఐఎంయూ సెట్. ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఉంది. మెకానికల్ చదివిన వాళ్ళు ఎంటెక్‌లో ఓషన్ ఇంజినీరింగ్ వైపు మారొచ్చు. నేవీలో నేవల్ కన్‌స్ట్రక్టర్‌గా చేరితే డిజైన్ వైపు దారి ఉంటుంది. ఐటీఐ వెల్డర్, ఫిట్టర్ చేసిన వాళ్ళకి షిప్‌యార్డ్ అప్రెంటిస్ ఉంది, అక్కడ నేర్చుకునేది ఏ డిగ్రీకీ తీసిపోదు.

విశాఖ వెళ్తే ఆర్కే బీచ్‌లో కుర్సురా చూడండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన సబ్‌మెరైన్, 91 మీటర్లు, 2002 నుంచి మ్యూజియం. అందరూ టార్పెడో గొట్టాల దగ్గర ఫొటోలు దిగుతారు. మీరు గోడ వైపు చూడండి. ఫ్రేముల మధ్య ఎంత దూరముందో, గది నుంచి గదికి వెళ్ళే తలుపు ఎందుకంత చిన్నగా, గుండ్రంగా ఉందో, బరువైనవన్నీ ఏ ఎత్తులో పెట్టారో గమనించి బయటికొచ్చాక గుర్తున్నంత బొమ్మ గీయండి.

చివరిగా ఒక జాగ్రత్త. ఇక్కడ నేను వాడిన అంకెలన్నీ అందరికీ తెలిసినవి, లేదా ఉదాహరణకి నేను అనుకున్నవి. ఇప్పుడు నేవీలో తిరుగుతున్న సబ్‌మెరైన్ల నిజమైన లోతు, గోడ మందం, ఉక్కు వివరాలు ఎవరినీ అడగొద్దు, యార్డులో పనిచేసే బంధువులుంటే వాళ్ళని అసలే ఇబ్బంది పెట్టొద్దు, రేవుల దగ్గర ఫోన్ బయటికి తీయొద్దు. ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు మీరు కొలిచిన ఫైబర్ పడవ నోటుబుక్కు తీసుకెళ్ళండి. అందులో కలవని లెక్క ఏదైనా ఉంటే కొట్టెయ్యకుండా అలాగే ఉంచండి, పక్కన ఎక్కడెక్కడ వెతికారో రాయండి.